మూడు ఊళ్ళు, ఒకే పట్టిక: డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టుల కాపీపై ఒక కేస్ స్టడీ

ఈ కేసు శ్రీకాకుళం పట్టణంలోని ఒక డిగ్రీ కాలేజీది. నేను అక్కడ ఎకనామిక్స్ చెబుతాను. మొదటి ఏడాది పూర్తయిన పిల్లలకు సామాజిక సేవా ప్రాజెక్టులో మెంటర్‌గా కూడా ఉంటాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 సిలబస్ మార్పుతో వచ్చిన ఈ ప్రాజెక్టును పిల్లలు సీఎస్‌పీ అంటారు. వేసవి సెలవుల్లో ఒక ఊరిని ఎంచుకుని 180 గంటలు పనిచేయాలి. ఇంటింటి సర్వే చేయాలి, ఊరి సమస్య ఒకటి పట్టుకుని అధ్యయనం చేయాలి, రోజూ లాగ్‌బుక్ రాయాలి. ఆఖరున రిపోర్టు, వైవా ఉంటాయి. ఆలోచన మంచిదే. అయితే కాలేజీకి చేరే రిపోర్టుల్లో ఎన్నింటిని ఎవరైనా పూర్తిగా చదువుతున్నారన్నది వేరే ప్రశ్న. ఈ కేసు మొత్తం అక్కడే మొదలైంది.

పిల్లల పేర్లు, వాళ్ళ ఊళ్ళ పేర్లు రాయడం లేదు. మండలాలు మాత్రం చెబుతున్నాను, ఎందుకంటే గుట్టు బయటపడింది వాటివల్లే.

ఎలా బయటపడింది

ఒక బ్యాచ్ రిపోర్టులు వరుసగా చదువుతుంటే మూడింటిలో ఒకే పట్టిక కనిపించింది. యాభై కుటుంబాల నెలసరి ఆదాయం, మరుగుదొడ్లు, గ్యాస్ కనెక్షన్లు, చదువు వివరాలు అందులో ఉన్నాయి. ఒకటి హిరమండలం వైపు ఊరు, ఇంకొకటి రాజాం దగ్గరది, మూడోది పొందూరు మండలంలోది. మూడు ఊళ్ళలోనూ సరిగ్గా అన్నే కుటుంబాలు, అన్నే గ్యాస్ బండలు.

తర్వాత చూస్తే ఇంకా బయటికొచ్చాయి. హిరమండలం ఊరి రిపోర్టులో పొలాలకు కృష్ణా కాలువ నీళ్ళు పారుతున్నాయి. అక్కడ ఉన్నది వంశధార మీద గొట్టా బ్యారేజీ. ఆ ఊళ్ళో పుట్టిన పిల్ల కృష్ణా కాలువ అని రాయడం అసంభవం. రాజాం ఊరి రిపోర్టు శ్రీకాకుళం జిల్లా అని మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడే రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళిపోయింది. అంటే ఆ మొదటి పేజీ అంతకు ముందెప్పుడో, ఎవరో రాసినది.

అన్నిటికంటే గట్టి ఆధారం ఒక ఫొటో. రాజాం రిపోర్టులో ఒక ముసలామె వాలుగ చేప దవడతో దూది ఏకుతోంది. కింద ‘మా గ్రామంలోని చేనేత కుటుంబం’ అని ఉంది. చేప దవడతో దూది ఏకడం పొందూరు సన్న ఖద్దరు పనిలోది. ఆ ఫొటో నేను అంతకు ముందే చూశాను. రెండేళ్ళ ముందు బ్యాచ్‌లో ఒక అమ్మాయి తీసింది, తన సొంత అమ్మమ్మను.

విచారణ

ముగ్గురినీ విడివిడిగా పిలిచి మాట్లాడాను. స్టాఫ్‌రూమ్‌లో కాదు, ఖాళీ క్లాసులో. ‘ఎందుకు కాపీ కొట్టావు’ అని అడిగితే పిల్లలు తలొంచుకుని ‘సారీ సార్’ అంటారు. ఆ మాటతో విచారణ ముగిసిపోతుంది. అందుకని ‘ఈ రిపోర్టు ఎలా తయారైందో మొదటి నుంచి చెప్పు’ అని మాత్రమే అడిగాను. ముగ్గురూ చెప్పిన దారి ఒకటే. సీనియర్ల వాట్సాప్ గ్రూపులో పాత రిపోర్టు సాఫ్ట్ కాపీ దొరుకుతుంది. దాన్ని కాలేజీ దగ్గర డీటీపీ సెంటర్‌కు తీసుకెళ్తారు. అసలు చాలాసార్లు తీసుకెళ్ళే పని కూడా లేదు, సెంటర్ కంప్యూటర్లోనే ఫోల్డర్లు ఉంటాయి: ఆరోగ్యం, వ్యవసాయం, డ్వాక్రా, ప్లాస్టిక్ అని. విద్యార్థి పేరు, ఊరి పేరు, గైడ్ పేరు మార్చి, కవర్ పేజీ రంగుల్లో తీసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. ‘ఏటి సార్, అందరూ ఇలాగే ఇచ్చారు కదా’ అన్నాడు రాజాం కుర్రాడు. అందులో ఎదురుతిరగడం ఏమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

దారి ఒకటే అయినా కారణాలు మూడు రకాలుగా తేలాయి.

రాజాం కుర్రాడు అసలు సర్వే చేయలేదు. పరీక్షలవగానే మేనమామతో కలిసి విశాఖపట్నంలో బిల్డింగు పనికి వెళ్ళిపోయాడు. ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తున్నా, రూము అద్దెకు, బస్సుకు డబ్బు కావాలి. 180 గంటలు ఊళ్ళో ఉండే వీలు అతనికి లేదు. అతను చేసింది కాపీ ఒక్కటే కాదు, లేని సర్వేను ఉన్నట్టు చూపడం. నా లెక్కలో ఇది కాపీ కన్నా పెద్ద తప్పు. రేపు ఏ అధికారైనా ఆ అంకెలు నమ్మి ఒక నిర్ణయం తీసుకుంటే నష్టపోయేది ఆ ఊరే.

పొందూరు మండలం అమ్మాయిది మరో రకం. పట్టిక తప్ప మిగతాదంతా తన సొంతమని గట్టిగా వాదించింది. తీరా చూస్తే తెలుగు పేపర్లో వచ్చిన ఖద్దరు కథనాన్ని ఫోన్లో ఇంగ్లీషులోకి మార్చుకుంది. ఇంకో రెండు పేజీలు నెట్‌లో ఉన్న వ్యాసంలోవి, వాక్యానికి రెండు మాటలు చొప్పున మార్చింది. ‘మాటలు మార్చాను కదా సార్, ఇంకా కాపీ ఎలా అవుతుంది?’ అంది. ఇంటర్ దాకా ఆ అమ్మాయికి నేర్పింది అదే. గైడులో జవాబును అటూఇటూ మార్చి ‘సొంత వాక్యాల్లో’ రాస్తే ఫుల్ మార్కులు పడ్డాయి.

ఇక హిరమండలం అమ్మాయి. ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆమె. ఊరు గురించి చెప్పమంటే తెలుగులో ఆపకుండా చెప్పింది. కాలువ చివరి పొలాలకు నీరు ఆలస్యంగా అందుతుందట. ఆకుమళ్ళు ముదిరిపోయాక ఉభాలు, అంటే నాట్లు, వేయాల్సి వస్తుందట. ముదురు నారు సరిగ్గా పిలకలు వేయదు కాబట్టి చివరి రైతులు ఎకరాకు కొన్ని బస్తాలు నష్టపోతున్నారట. ఆ భూములు కౌలుకు తీసుకునేవాళ్ళు తగ్గిపోయారట. ‘ఇవన్నీ ఎవరు చెప్పారు?’ అంటే బ్యాగులోంచి ఒక రూళ్ళ నోట్‌బుక్ తీసింది. ఇంటింటికీ తిరిగి తెలుగులో రాసుకున్న సర్వే అది. తేదీలు, రైతుల పేర్లు, ఎవరికి ఎంత భూమి, అన్నీ ఉన్నాయి.

‘మరి ఇదెందుకు పెట్టలేదమ్మా రిపోర్టులో?’

‘ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలీలేదు సార్. పైగా ఇది రిపోర్టులాగ లేదు కదా. సీనియర్లదైతే అన్నీ హెడ్డింగులతో ఉంది.’

మా రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. పదో తరగతి, ఇంటర్ తెలుగులో చదివిన పిల్ల ఒక్క ఏడాదిలో నలభై పేజీల ఇంగ్లీషు రిపోర్టు రాయాలి. ఈ పిల్ల చేతిలో అసలు సరుకు ఉంది. దాన్ని పక్కన పెట్టి, దొంగ సరుకు కొని మాకు ఇచ్చింది. మేం అడిగింది అదే అనుకుంది.

నిబంధనలు ఏం చెబుతున్నాయి

స్టాఫ్ మీటింగులో ఒకరు యూజీసీ శాతాల ప్రకారం శిక్ష వేద్దామన్నారు. 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో శాతాలు ఉన్న మాట నిజం. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 వరకైతే సవరించి ఆరు నెలల లోపు మళ్ళీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించకూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే అవి పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకు, పరిశోధన వ్యాసాలకు. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు వాటి పరిధిలోకి రావని ఆ నిబంధనల నిర్వచనంలోనే ఉంది. చదివి వినిపించాను. అంటే డిగ్రీ పిల్లల విషయంలో కాలేజీ సొంతంగా ఒక పద్ధతి పెట్టుకోవాలి.

సాఫ్ట్‌వేర్ కొందామన్న మాట కూడా వచ్చింది. అది నెట్‌లో ఉన్నదానితో, తన దగ్గర ఉన్న భాండారంతో పోల్చి చెబుతుంది. డీటీపీ సెంటర్ ఫోల్డర్లో ఉన్నది దానికి తెలియదు. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చినదాన్ని పట్టుకోవడమూ కష్టం. గొట్టా బ్యారేజీ ఎక్కడుందో తెలిసిన మాస్టారు పట్టుకున్నంత అది పట్టుకోదు. ఆ చర్చ అంతటితో ఆగింది.

అమ్మమ్మ ఫొటో

ఫొటో తీసిన సీనియర్ అమ్మాయి ఇప్పుడు పీజీ చదువుతోంది. విషయం తెలిసి కాలేజీకి వచ్చింది. ‘మా అమ్మమ్మను వేరే ఊరి మనిషిని చేసేశారేటి సార్? ఎవరిని అడిగారు?’ అంది. తన రిపోర్టు కొన్నేళ్ళుగా అమ్ముడవుతోందని కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. ఒక స్నేహితురాలికి సహాయంగా ఇచ్చిన ఫైలు అది.

ఇక్కడ కేసు మలుపు తిరిగింది. అప్పటి దాకా మా మాటలన్నీ నిజాయితీ గురించే. ఇప్పుడు హక్కు గురించి మాట్లాడాల్సి వచ్చింది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచన చేసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. డిగ్రీ పిల్ల రాసిన రిపోర్టయినా, ఫోన్లో తీసిన ఫొటో అయినా అంతే. దాన్ని అడగకుండా అమ్ముకునే హక్కు డీటీపీ సెంటర్‌కు లేదు. తెలిసి చేసే ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆ అమ్మాయి ఫిర్యాదు చేయదలచుకోలేదు. నేనూ బలవంతపెట్టలేదు. సెంటర్ యజమానితో మాట్లాడితే ‘నేను ఇవ్వకపోతే పక్క షాపు ఇస్తాది సార్’ అన్నాడు. నా ఎదురుగానే ఆ ఫోల్డర్లు తీసేశాడు. పెన్‌డ్రైవుల్లో ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలియాలి.

క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల్లో వచ్చిన కదలిక, ‘కాపీ తప్పు’ అని ఎన్నిసార్లు చెప్పినా రాలేదు. తాము రాసినదానికీ యజమాని ఉంటారన్న ఊహే వాళ్ళకు కొత్త. అప్పటి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే వస్తున్నాయి.

పేరు రాస్తే ఏదైనా వాడుకోవచ్చా? లేదు. పేరు రాయడం, అనుమతి తీసుకోవడం రెండు వేర్వేరు సంగతులు. విజయనగరం గురజాడ అప్పారావు 1915లో చనిపోయారు. ఆయన రచనల మీద ఇప్పుడు కాపీరైట్ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కానీ ఆయన వాక్యాన్ని నాదని రాసుకుంటే అది చౌర్యమే. దానికి తిరగేసిన ఉదాహరణ శ్రీకాకుళంలోనే ఉంది. కథానిలయం పెట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు 2021లో పోయారు. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది కాబట్టి ఆయన కథలకు 2081 చివరి దాకా ఉన్నట్టు. విజయనగరం కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) 1994లో పోయారు, ఆయనకు 2054 దాకా. వీళ్ళ కథ మొత్తాన్ని కాలేజీ మ్యాగజైన్‌లో వేసి కింద రచయిత పేరు పెద్ద అక్షరాల్లో పెట్టినా, అనుమతి లేకపోతే అది ఉల్లంఘనే. చౌర్యం మాత్రం కాదు. ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టాక మళ్ళీ ఎవరూ తికమకపడలేదు.

పది శాతం దాకా కాపీ చేయొచ్చట కదా? ఈ అపోహ పిల్లల్లోనే కాదు, లెక్చరర్లలోనూ ఉంది. యూజీసీ నిబంధనల్లోని శాతాన్ని తెచ్చి కాపీరైట్‌కు అతికించారు. చట్టంలో అలాంటి అంకె లేదు. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకోవచ్చని సెక్షన్ 52 చెబుతుంది. ఏది న్యాయమైన మేర అన్నది సందర్భాన్ని బట్టి తేల్చాలి.

మరి టెక్స్ట్‌బుక్ జిరాక్స్? దీనికి ఢిల్లీ యూనివర్సిటీ కేసు చెబుతాను. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు అక్కడి రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద, యూనివర్సిటీ మీద కేసు వేశాయి. లెక్చరర్లు చెప్పిన అధ్యాయాలను కలిపి కోర్స్ ప్యాక్‌లుగా అమ్మడం మీద వివాదం. 2016 సెప్టెంబరులో హైకోర్టు కేసు కొట్టేసింది. డిసెంబరులో డివిజన్ బెంచ్ విచారణ కొనసాగించమని వెనక్కి పంపినా, బోధనకు అవసరమైన మేరకు తీసే కాపీలు సెక్షన్ 52 కింద చెల్లుతాయనే చెప్పింది. 2017లో ప్రచురణకర్తలే కేసు వెనక్కి తీసుకున్నారు. బోధన కోసం తీసిన కాపీకి దొరికిన రక్షణ ఇది. రిపోర్టులు అమ్ముకునే ఫోల్డర్‌కు ఇందులో చోటు లేదు.

జనాభా లెక్కలు? అంకెలు, వాస్తవాలు ఎవరి సొత్తూ కావు. 2011 జనాభా లెక్కల్లో ఊరి జనాభా ఎంతో ముగ్గురు రాస్తే మూడుచోట్లా ఒకేలా ఉంటుంది, ఉండాలి కూడా. ఎక్కడి నుంచి తెచ్చారో రాస్తే చాలు.

ఒక కుర్రాడు అడిగింది మాత్రం నేను ఊహించని ప్రశ్న. తమ ఊరి తప్పెటగుళ్ళ బృందం పాడుతుంటే వీడియో తీశాడు. పాట పాతది, ఎవరు కట్టారో తెలియదు. మరి యూట్యూబ్‌లో పెట్టొచ్చా? పాట మీద ఎవరికీ హక్కు లేకపోయినా, ప్రదర్శన మీద కళాకారులకు 50 ఏళ్ళ హక్కు ఉంది. వెళ్ళి అడగమన్నాను. అడిగితే వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు. తమ పేర్లు, ఊరి పేరు వేయాలన్నది ఒక్కటే షరతు.

ఏం చేశాం

ముగ్గురికీ ఒకే శిక్ష వేయలేదు, దీని మీద డిపార్ట్‌మెంటులో గట్టి వాదనే జరిగింది. హిరమండలం అమ్మాయిని నోట్‌బుక్ ముందు పెట్టుకుని పదిహేను పేజీలు రాయమన్నాం. రైతుల మాటలు తెలుగులోనే ఉంచి, కింద చిన్న ఇంగ్లీషు వివరణ ఇవ్వమన్నాం. ఇంగ్లీషు తప్పులకు మార్కులు తీయలేదు. పొందూరు అమ్మాయి చేత నా ఎదురుగా రెండు పేరాలు రాయించాను. మూలం చదివి, పుస్తకం మూసి, పక్కనున్న వాళ్ళకు తెలుగులో చెప్పి, ఆ తర్వాత రాయడం పద్ధతి. చెప్పలేకపోతే అర్థం కానట్టే, మళ్ళీ చదవాలి. రాజాం కుర్రాడి రిపోర్టు పూర్తిగా తిరస్కరించాం. వారాంతాల్లో ఊరెళ్ళి కొత్తగా చేయాలి. అంశం మాత్రం నేనే సూచించాను: ఆ ఊరి నుంచి వేసవిలో పనికి వెళ్ళేవాళ్ళెవరు, ఎక్కడికి, ఎన్నాళ్ళు. వాడికి నిఘంటువు అక్కర్లేని అంశం. రిపోర్టు ఆలస్యంగా వచ్చింది, అక్షరదోషాలు చాలా ఉన్నాయి. ఆ బ్యాచ్‌లో నేను రెండోసారి చదివిన రిపోర్టు అదొక్కటే.

తర్వాతి బ్యాచ్‌కు పని ఇచ్చే తీరే మార్చాం. ‘గ్రామీణ ఆరోగ్యం’ లాంటి అంశాలు తీసుకోవడం లేదు. అంశం ఒక ప్రశ్నగా ఉండాలి, ఆ ఊరికే చెందాలి. ఉద్దానం పిల్లలు మునుపు కిడ్నీ జబ్బు మీద నెట్‌లో ఉన్నదంతా దించేసేవారు. ఇప్పుడు ‘మా వీధిలో ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళు ఎవరు కొంటున్నారు, ఎవరు బోరు నీళ్ళే తాగుతున్నారు, ఎందుకు’ అని అడుగుతున్నాం. ఈ ప్రశ్నకు డీటీపీ సెంటర్లో ఫైలు లేదు.

చేతిరాత ఫీల్డ్‌బుక్ తప్పనిసరి, తెలుగులో రాయొచ్చు. సెలవుల మధ్యలోనే దాని ఫొటోలు తెప్పించుకుని చూస్తాం. నమూనా రిపోర్టు ఇవ్వడం మానేశాం, నమూనా ఫీల్డ్‌బుక్ పేజీ ఇస్తున్నాం. వైవా మొదలవగానే తెల్ల కాగితం మీద ఊరి పటం గీయమంటాం: చెరువు, రామాలయం, బడి, సచివాలయం, సర్వే చేసిన వీధి. వెళ్ళినవాళ్ళు గబగబా గీస్తారు. వెళ్ళనివాళ్ళు చెరువు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేరు.

రిపోర్టు చివర ‘ఎవరి దగ్గర ఏం తీసుకున్నాను’ అన్న పేజీ పెట్టాం. పుస్తకాలు, పేపర్లు, సీనియర్లు, సమాచారం చెప్పిన రైతులు, ఫొటోకు ఒప్పుకున్నవాళ్ళు, వాడిన అనువాద యాప్, చాట్‌జీపీటీ, అన్నీ అందులో రాయాలి. ఏఐని నిషేధించలేదు. ఏఐ రాతను పట్టుకునే సాధనాలను నేను నమ్మను. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన గుర్తింపు సాధనం సరిగ్గా పనిచేయడం లేదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యాలతో నెట్టుకొచ్చే మా పిల్లల మీద అలాంటిదాన్ని ప్రయోగించి నింద వేయలేను. వాడానని చెప్పినవాళ్ళను వైవాలో ఆ పేరా గురించే అడుగుతాం.

ఇప్పుడు ఎలా ఉంది

ఒకే పట్టిక మూడు ఊళ్ళలో కనిపించడం ఆగింది. ఊరి పటం గీయలేనివాళ్ళు ప్రతి బ్యాచ్‌లో కొందరు ఉంటూనే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది పనికి వెళ్ళిన పిల్లలే. వాళ్ళకు దసరా, సంక్రాంతి సెలవుల్లో గంటలు పూర్తిచేసే వీలు కల్పించమని కాలేజీని అడిగాం. కాపీ కూడా కొత్త వేషం వేసుకుంది: మొదటి ఏడాదే ఇద్దరు ‘ఎవరి దగ్గర ఏం తీసుకున్నాను’ పేజీనే ఒకరిది ఒకరు దించుకున్నారు. ఇద్దరికీ ఒకే రైతు సమాచారం చెప్పాడు, రెండు వేర్వేరు మండలాల్లో. వాళ్ళను పిలిచి అడిగినప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

తేలనివి రెండున్నాయి. వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్స్‌లో కొందరికి పదిహేను పేజీల రిపోర్టు చూస్తే చులకన. లావుపాటి పుస్తకానికి మార్కులు వేసే అలవాటు పోలేదు, అది తెలిసిన పిల్లలు పేజీలు పెంచడానికి మళ్ళీ నెట్ వైపే చూస్తున్నారు. రెండోది మా చేతుల్లోని పనిభారం. ఫీల్డ్‌బుక్‌లు మధ్యలో చూడటం నిజంగా జరగాలంటే ఒక్కో మెంటర్ దగ్గర ఇప్పుడున్న పిల్లల్లో సగమే ఉండాలి. వేరే డిపార్ట్‌మెంట్ల లెక్చరర్లకు కూడా పంచమని ప్రిన్సిపాల్‌కు రాసిచ్చాం. వచ్చే వేసవి బ్యాచ్ విడదీసేలోపు దాని మీద నిర్ణయం రావాలి.